నెల చూసే బండ

బడి వరండాలో గోడకి ఒక కాగితం అంటించారు. దాని మీద ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ల గుర్తులు వరసలుగా ఉన్నాయి. పై వరసలో పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించాలి. చదువు రానివాళ్లకి కంటి పరీక్ష అలా చేస్తారు.

గాసి తన వంతు కోసం గోడవారన కూర్చున్నాడు. అతని ముందు పదకొండు మంది ఉన్నారు. పరీక్ష చేసే మనిషి ఒక్కొక్కరికీ పైకే చెబుతున్నాడు. "కుడి, సరే. కింద, సరే. ఎడమ... కాదు, మళ్లీ చూడు. పైన." గాసి తల వంచుకుని విన్నాడు. నలుగురి పరీక్ష అయ్యేసరికి మొదటి మూడు వరసలూ అతనికి నోటికి వచ్చేశాయి. ఇరవయ్యేడు నక్షత్రాలు, ఏ నక్షత్రంలో పుట్టిన పిల్లకి ఏ పేరు పెట్టాలో, ఏ వారం ఏ దిక్కుకి బయల్దేరకూడదో అన్నీ నోటనే నిలుపుకున్న మనిషికి ఆ పన్నెండు గుర్తులూ ఒక లెక్క కాదు.

గాసి ఉసిరిపుట్టు దిసారి. పెళ్లికీ, విత్తుకీ, వేటకీ రోజు పెట్టేది అతనే. చైత్రమాసం వచ్చిందని ఊరికి చెప్పేదీ అతనే. ఊరి వెనక కొండ మీద బండ ఉంది. అమావాస్య వెళ్లాక సాయంత్రం పూట దిసారి ఆ బండ ఎక్కి పడమటి దిక్కు చూస్తాడు. నెలవంక కనిపిస్తే చెయ్యెత్తి కేక వేస్తాడు. కింద డప్పు మోగుతుంది. ఆ రోజు నుంచి లెక్క పెట్టి ఇటుకల పండగ చేస్తారు. పండగనాడు విత్తనాలు దేవుడి దగ్గర పెట్టి, ఆ తరవాతే భూమిలో వేస్తారు.

ఊరి పెద్ద ఫల్గుణ వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. గాసికి బావమరిది. పొద్దున్న ఇంటికి వచ్చి చెప్పాల్సింది చెప్పేశాడు.

"డాకటేరు నీ కన్ను బాగుందంటే ఈ యేడూ నువ్వే బండెక్కు బావా. బాగోనేదంటే ఆలు సెప్పినట్టు సెయ్యి. రెండూ కాదంటే ఊరు ఫోను సూసుకుంటాది. అందులో కేలండరుంది."

"రా తాతా, ఇక్కడ నిలబడు" అన్నాడు పరీక్ష చేసే మనిషి.

గాసి గీత మీద నిలబడ్డాడు. ఎడమ కన్ను మూసుకోమన్నారు. మూసుకున్నాడు. చెయ్యి కుడికి తిప్పాడు, కిందికి, ఎడమకి, పైకి. మూడు వరసలూ తడుముకోకుండా చూపించాడు.

"నాలుగో వరస?"

"అంత సిన్నవి నీకు మాత్తరం కనపడతాయేటి?"

వరండాలో అందరూ నవ్వారు. పరీక్ష చేసే మనిషి కూడా నవ్వాడు. నవ్వుతూనే కాగితం ఊడదీసి, తలకిందులు చేసి, మళ్లీ గోడకి అంటించాడు.

"ఇప్పుడు చెప్పు తాతా. పై వరస."

గాసి చెయ్యి కుడికి తిప్పాడు. కిందికి. ఎడమకి. పైకి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫల్గుణ మెట్లు దిగి బడి ఆవరణలోకి వెళ్లి నిలబడ్డాడు.

పరీక్ష చేసే మనిషి రెండడుగుల దూరానికి వచ్చి చెయ్యి పైకెత్తాడు. "ఎన్ని వేళ్లు?"

గాసి చాలాసేపు చూశాడు. "మూడు."

"ఒకటే తాతా."

అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి కంట్లోకి చిన్న దీపం వేశారు. డాక్టరమ్మ వంగి చూసింది. రెండు కళ్లలోనూ శుక్లం ఉందని, కుడి కంట్లో బాగా ముదిరిందని చెప్పింది. గాసి తన కంటి మీద పొర లేదనీ, పువ్వు లేదనీ, ఎరుపు గానీ నొప్పి గానీ ఏనాడూ లేవనీ అన్నాడు.

"పైన ఉండదు. లోపల ఉంటుంది" అంది డాక్టరమ్మ. "కోడిగుడ్డు పగలగొట్టావనుకో. పచ్చి తెల్లసొనలోంచి అవతలిది కనపడుతుంది కదా? ఉడికాక కనపడుతుందా? నీ కంట్లో పాప వెనకాల ఒక బిళ్ల ఉంది. వెలుతురు దాన్ని దాటే లోపలికి వెళ్లాలి. ఆ బిళ్ల ఉడికిన సొన లాగైపోయింది. నొప్పుండదు. అందుకే తెలీదు."

"ఏదైనా సెట్టు ఏరు రసం పోత్తే?"

"ఉడికిన గుడ్డుని పచ్చిగుడ్డు చెయ్యగలవా? ఏ రసం పోసినా అంతే. ఉన్న కన్ను కూడా పాడవుతుంది. ఆ బిళ్ల తీసేసి వేరే బిళ్ల పెడతాం. వెలుతురు చూస్తే కళ్లు చెదురుతున్నాయా? చందమామ రెండుగా కనపడుతున్నాడా?"

గాసి ఫల్గుణ ఉన్న వైపు తల తిప్పాడు. అతను వింటున్నాడో లేదో తెలియలేదు.

"రెండు కాదు" అన్నాడు. "గుత్తి."

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి బస్సు. ఆశా కార్యకర్త సోని పేర్లు రాసుకుంటోంది. వరండా స్తంభం పక్కన గాసి భార్య దేముడమ్మ సంచి పట్టుకుని నిలబడి ఉంది. అందులో పంచె, తువ్వాలు, గ్లాసు ఉన్నాయి.

"అమ్మమ్మా, నువ్వూ రా. దీపం ఏసి సూత్తారు, రెండు నిమసాలు" అంది సోని.

"నాకేటొచ్చింది గుంటా. ఇంటినిండా సింతపండుంది. ఇద్దరం ఎల్లిపోతే మేకలకెవులు?"

దేముడమ్మ సంచి చాపింది. గాసి అందుకుని బస్సు వైపు నడిచాడు. ఆమెతో ఏమీ అనలేదు. నిరుడు చైత్రం నుంచి అతను ఆమెతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు.

*

బస్సు అరకు దాటి అనంతగిరి ఘాట్ దిగేసరికి చీకటి పడింది. ఆసుపత్రిలో పడుకోబెట్టి, మర్నాడు పొద్దున్న రక్తం తీశారు, బీపీ చూశారు, కుడి కనుబొమ్మ పైన సిరాతో గీత పెట్టారు. ఒక నర్సు గడియకోసారి వచ్చి కంట్లో చుక్కలు వేసింది. చుక్కలు పడేకొద్దీ వెలుతురు కంట్లోకి మరీ తోసుకొచ్చింది. గాసి కళ్లు మూసుకున్నాడు.

పక్క మంచం మీద సింహాచలం అనే రైతు ఉన్నాడు. మైదానం మనిషి. అతనికి ఆ పొద్దున్నే ఆపరేషన్ అయింది. కంటికి కట్టుతోనే కబుర్లు చెబుతున్నాడు.

"దిసారంటే ఏటి మావా? పంచాంగం సూసీవోడివా?"

"పంచాంగం కాదు. నెలని సూసీవోడిని. కొండెక్కి, ఆకాశంలో."

"కళ్లకేటయింది, ఎన్నాళ్లయింది?"

"నాలుగేళ్లు."

"మరి ఈ నాలుగేళ్లూ ఎవులు సూసేరు?"

గాసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సింహాచలం కాసేపు ఆగి, నిద్ర పట్టిందనుకుని ఊరుకున్నాడు.

చూసింది దేముడమ్మ. బండ మీదికి ఆడమనిషి రాకూడదు. అందుకని కట్టెలకి వెళ్లినట్టు ముందే కొండెక్కి, బండ వెనక తుప్పల్లో కూర్చునేది. నెల కనిపించగానే ఎండుపుల్ల విరిచేది. ఆ చప్పుడు వినగానే గాసి చెయ్యెత్తి కేక వేసేవాడు. ఇలా చేద్దామని ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు. మొదటి ఏడు అతను బండ మీద చాలాసేపు కేక వెయ్యకుండా నిలబడి ఉంటే వెనక పుల్ల విరిగింది. రెండో ఏడు కూడా విరిగింది. ఇంటికి వచ్చాక దాని గురించి ఒక్క మాట అనుకోలేదు.

మూడో ఏడు, నిరుడు, అమావాస్య మధ్యాహ్నమే వెళ్లిపోయిందని అతను ఆ సాయంత్రమే బండెక్కాడు, పుల్ల విరిగింది. అతను కేక వేశాడు. డప్పు మోగింది. ఆ లెక్కనే పండగ చేశారు. పండగ మధ్యలో అవతలి కొండ మీది పైగుడ అనే ఊరి నుంచి నలుగురు దిగి వచ్చి, "మీ ఊళ్లో అమావాస్యనాడే నెల పుట్టిందంటగా, బాలసారె ఎప్పుడు?" అని నవ్వారు. ఆ ఏడు సామలు సగం పండాయి. వానలు ఆలస్యమయ్యాయి, అందరికీ సగమే పండాయి. అయినా ఉసిరిపుట్టులో వాన మాట ఎవరూ ఎత్తలేదు. ఊరు తప్పు వేసింది, దిసారి మేకని ఇచ్చుకున్నాడు. ఆ రాత్రి దేముడమ్మతో అన్నాడు. "కావాలనే విరిసేవు."

"నాను సూసేను. తెల్లగా, వంకరగా. పైగుడ కొండ కొమ్ము మీద."

"ఆడదాని మాట ఇన్నాను. నా తప్పే."

ఆపరేషన్ గదిలో ముఖం మీద ఆకుపచ్చ బట్ట కప్పారు. కంటి పక్కన సూది గుచ్చారు. తరవాత నొప్పి లేదు. పైన మూడు దీపాలు కలిసి ఒకటయ్యాయి, విడిపోయాయి, నీళ్లలో పడ్డట్టు కదిలాయి. ఒకసారి అన్నీ ఆరిపోయినట్టయింది. "అయిపోయింది తాతా" అన్నారెవరో. అతన్ని తీసుకెళ్లేటప్పుడు కిటికీ బయట బీడీ ముట్టించిన మనిషి, తిరిగి తీసుకొచ్చేసరికి ఇంకా అదే బీడీ కాలుస్తున్నాడని, అంత తొందరగా అయిపోయిందని, సింహాచలం తరవాత చెప్పాడు.

మర్నాడు పొద్దున్న కట్టు విప్పారు.

గాసి మొదట తన చెయ్యి చూసుకున్నాడు. మణికట్టు మీద కత్తి గాటు ఉంది, చిన్నప్పటిది. అది అక్కడ ఉందని మర్చిపోయాడు. పంచె చూసుకున్నాడు. ఇన్నాళ్లూ దేముడమ్మ పంచె సరిగ్గా ఉతకడం లేదని, తుప్పు నీళ్లలో జాడిస్తోందని అనుకున్నాడు. పంచె తెల్లగానే ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. అదే పంచె పసుపు నీళ్లలో ముంచినట్టు ఉంది. మళ్లీ కుడి కన్ను తెరిచాడు. తెలుపు. కిటికీ బయట నీలం. నీలం అనేది ఒకటి ఉందని కూడా మర్చిపోయాడు.

నర్సు వేలెత్తింది. "ఎన్ని?"

"ఒకటి" అన్నాడు గాసి. మళ్లీ అడగమన్నాడు.

చుక్కల సీసా, నల్ల కళ్లద్దాలు ఇచ్చి జాగ్రత్తలు చెప్పారు. తల మీద నీళ్లు పోసుకోకూడదు. వంగకూడదు. బరువు ఎత్తకూడదు. పొగకి, దుమ్ముకి దూరంగా ఉండాలి. చుక్కలు రోజుకి ఆరుసార్లు. వేసేవాళ్లు చేతులు కడుక్కోవాలి. ఎడమ కన్ను తరవాత చేస్తారు.

*

ఆటో దిగి ఇంటి ముందుకి వచ్చేసరికి దేముడమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. చప్పుడుకి తలెత్తి ఇటే చూసింది.

"ఎవులు?"

నల్ల కళ్లద్దాల వల్ల పోల్చుకోలేదనుకున్నాడు. "నానే" అన్నాడు.

"ఒచ్చీసేవా. కనపడతందా?"

"కనపడతంది."

ఆమె జుట్టు మొత్తం తెల్లబడిపోయి ఉంది. పై పెదవి మీద గీతలు పడ్డాయి. గాసి నిలబడి చూశాడు. ఆమె మళ్లీ పనిలో పడింది. చింతకాయ పెంకు తీసి, పండుని బొటనవేలితో నొక్కి, పిక్క ఎక్కడ తగిలితే అక్కడ చీల్చి బయటికి తోస్తోంది. ఈనెని గోటితో పట్టి లాగుతోంది. చేతులు ఆగడం లేదు. ముఖం మాత్రం మేకల దొడ్డి వైపు తిరిగి ఉంది.

సాయంత్రం చుక్కలు వెయ్యాలన్నాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చింది. అతను మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది ముక్కు పక్కన పడింది.

"ఏటి సేత్తన్నావు? ఒక్క చుక్క కంట్లో ఎయ్యలేవేటి?"

"నువ్వే కదుల్తన్నావు."

"నాను శవంలా పడున్నాను. కదిలీదెవులు?"

మూడో చుక్క చెవిలోకి జారింది. గాసి లేచి కూర్చుని సీసా లాక్కున్నాడు. "ఒగ్గేయ్. సోనిని పిలు." దేముడమ్మ పిలవడానికి వెళ్లింది. గుమ్మం దాటేటప్పుడు చేత్తో ద్వారబంధం తాకి, ఆ తరవాత అడుగు బయట పెట్టింది.

ఆ రోజు అమావాస్య.

మర్నాడు సాయంత్రం గాసి ఒక్కడే కొండెక్కాడు. కింద తోట దగ్గర పాతిక మంది దాకా చేరారు. డప్పు వాయించే సుక్రు ఆకులు మండించి డప్పు కాచుకుంటున్నాడు.

"ఫోన్లో ఈయేళే ఉగాదంట బావా" అని కేకేశాడు ఫల్గుణ.

"ఫోను కొండెక్కి సూసిందేటి?"

జనం నవ్వారు. గాసి బండ మీదికి చేరాడు. పొద్దు కుంకింది. ఎదురు కొండల మీద పోడు మంటల పొగ అడ్డంగా పట్టింది. పొగకి పైన ఆకాశం శుభ్రంగానే ఉంది. అతను ఒక చివర నుంచి మరో చివర దాకా చూశాడు. నెల లేదు. ఒక్కరోజు వయసున్న నెల పొగలో దిగిపోయి ఉండొచ్చు. లేదా అసలు బయటికి రాకపోయి ఉండొచ్చు. రేపు కనిపిస్తుంది. తన కంటితో చూసి లేదని చెప్పగలగడం కూడా అతనికి హాయిగానే ఉంది.

దిగబోతుండగా పైగుడ కొమ్ము మీద ఏదో వెలిగింది.

దీపం. స్తంభానికి ఉన్న దీపం. పైగుడలో నిరుటి చైత్రానికి ముందే, మాఘంలో, సోలార్ లైట్లు పెట్టారని అందరూ చెప్పుకున్నారు, అతనూ విన్నాడు. ఊళ్లోంచి అవి కనపడవు, మధ్యలో కొండ అడ్డం. బండ మీదికి మాత్రం ఒకటి కనపడుతుంది. చీకటి పడేసరికి ఎవరూ ముట్టించకుండానే వెలుగుతాయి. సూది మొనంత ఉంది.

గాసి దాన్ని కాసేపు చూశాడు. తరవాత అరచేతిని కుడి కంటి మీద పెట్టుకున్నాడు.

ఎడమ కంట్లో ఆ దీపం పగిలింది. మొన పోయింది. వెలుగు పక్కకి పాకి, పైకి వంగి, తెల్లగా, వంకరగా, కొమ్ము మీద నిలబడింది. చెయ్యి తీశాడు. దీపం. చెయ్యి పెట్టాడు. నెలవంక.

మూడుసార్లు అలా చేశాడు. తరవాత బండ మీద కూర్చున్నాడు. కింద నుంచి ఫల్గుణ రెండుసార్లు పిలిచాడు. రెండోసారికి, "నేదు, రేపు" అని జవాబిచ్చి దిగాడు.

ఇంటికొచ్చి దేముడమ్మని చెయ్యి పట్టి గుమ్మంలో బల్బు కిందికి తీసుకొచ్చాడు.

"ఏటి? ఏటి సేత్తన్నావు?"

"మాటాడకు."

గడ్డం పట్టి తల పైకెత్తి, తన నల్ల కళ్లద్దాలు తీసి చూశాడు. కంటి నలుపు మధ్యలో, పాప ఉండాల్సిన చోట, ఉడికిన సొన రంగు ఉంది. రెండు కళ్లలోనూ ఉంది.

"ఎప్పట్నుంచి?"

"నీ తరవాత ఏడాదికి."

"సెప్పనేదేం?"

"సెప్తే? నీకు పుల్లిరిసీదెవులు?"

అతను చెయ్యి తీశాడు. ఆమె అక్కడే నిలబడింది.

"రెండో ఏడు కొద్దిగా కనపడింది. నిరుడు బాగానే కనపడిందనుకున్నాను. తెల్లగా ఉంది. నాను అబద్ధం ఆడనేదు."

"ఆడనేదు" అన్నాడు గాసి.

నిరుడు తప్పు కింద ఇచ్చిన మేక దేముడమ్మ పాలు పట్టి పెంచిన నల్ల మేక. దాన్ని తాడు పట్టి తీసుకెళుతుంటే ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో అతను చూడలేదు. చూడ్డానికి కన్ను లేదని కాదు. అటు తిరగలేదు.

పొద్దున్న సోని చుక్కలు వెయ్యడానికి వచ్చినప్పుడు, "మీ అమ్మమ్మ పేరు రాయి" అన్నాడు. సోని ఫోన్లో దీపం వెలిగించి ఆమె కళ్లు చూసింది. "ఓలమ్మ, తాత కన్నా ముదిరిపోయింది" అని కాగితం తీసింది. వచ్చే నెల బస్సు ఉంటుందని చెప్పింది.

"మేకలకెవులు?" అంది దేముడమ్మ.

"నాకు కళ్లున్నాయి" అన్నాడు గాసి.

*

విదియనాడు సాయంత్రం కొండ కింద ఊరంతా ఉంది. ఆడవాళ్లు విత్తనాల బుట్టలు కడగడం ఆపి వచ్చారు. గాసి దేముడమ్మని వెంటబెట్టుకుని తోటలోకి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆమె అక్కడ ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుని ఆగింది.

"రా" అన్నాడు గాసి.

"పైకా? అందరూ ఉన్నారు."

"ఉండనీ."

ఆమె చెయ్యి పట్టుకుని కొండ ఎక్కించాడు. తుప్పల దగ్గర ఆమె అలవాటుగా పక్కకి తిరిగింది. అతను చెయ్యి వదల్లేదు. బండ మీదికి తెచ్చి నిలబెట్టాడు. కింద ఎవరో ముసలాయన, "అదేటి, ఆడమనిషి..." అని మొదలుపెట్టి మానేశాడు.

పొద్దు కుంకింది. పైగుడ కొమ్ము మీద దీపం వెలిగింది. దానికి కుడిపక్క, రెండు జానల ఎత్తున, నెల ఉంది. గోటితో గీసినట్టు ఉంది. నాలుగేళ్లకి గాసి దాన్ని చూశాడు. గుత్తి కాదు, ఒకటే.

చెయ్యెత్తలేదు. కేక వెయ్యలేదు.

"బావా!" అని ఫల్గుణ కింద నుంచి అరిచాడు. "పొడిసిందా, నేదా? మాకు కూడా ఏదో తెల్లగా కనపడతంది."

గాసి జనం వైపు తిరిగాడు.

"ముందు ఒక మాట ఇనండి. నిరుడు ఈ బండ మీంచి అరిసింది నాను. సూసింది ఇది. అంతకు ముందు రెండేళ్లూ సూసింది ఇదే. నాకు నాలుగేళ్లుగా కనపడ్డం నేదు. తుప్పల్లో కూకుని పుల్లిరిసీది, నాను అరిసీవోడిని. మీ ఇత్తనాలు దీని కంటితో భూమిలో పడ్డాయి."

సుక్రు డప్పుని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నిరుడు ఇది సూసింది నెల కాదు. ఈ బండ మీదికి కనపడీ పైగుడోల సోలార్ లైటు. దీని కంట్లోనూ సుక్లం ఉంది. ఆ కంటికి దీపం నెలలాగే ఉంటాది. నా ఎడం కంటికి ఇప్పటికీ అలాగే ఉంది, కావాలంటే వొట్టేత్తాను. ఇది అబద్ధం ఆడనేదు. అబద్ధం ఆడింది నాను."

"మూడేళ్లు ఆడమనిషి బండ కాడికొచ్చిందా?" అన్నాడు ఆ ముసలాయన.

"ఒచ్చింది. మొదటి రెండేళ్లూ నీ గాదె నిండింది."

జనంలోంచి ఒక ఆడమనిషి నవ్వింది. తరవాత ఎవరో అడిగారు. "మరి ఆ తప్పు మేక?"

"ఆ మేక కూడా దీనిదే."

ఫల్గుణ కొంతదూరం కొండెక్కి, బండకి దిగువన ఆగాడు. అక్కని చూశాడు. దేముడమ్మ ముఖం జనం వైపు లేదు. పడమటికి తిరిగి ఉంది.

"ఇంకొకరిని పెట్టుకుంటారా, ఫోను సూసుకుంటారా, మీ ఇట్టం" అన్నాడు గాసి. "ఈయేళ మాత్తరం నెల మేం సెప్తాం."

అతను దేముడమ్మ భుజాలు పట్టుకుని దీపం వైపు నుంచి కొద్దిగా కుడికి తిప్పాడు. "అది ఒగ్గేయ్. దాని మీద రెండు జానలు. సూడు."

ఆమె చూసింది.

"ఎన్ని?" అన్నాడు.

"మూడు. నాలుగేమో."

"అవన్నీ ఒకటే" అన్నాడు గాసి.

దేముడమ్మ ఇంకాసేపు అటే చూసింది. తరవాత వంగి, కాళ్ల దగ్గర బండ మీద చేత్తో తడిమింది. ఎండుపుల్ల ఒకటి దొరికింది. లేచి నిలబడి, రెండు చేతులతో పట్టుకుని విరిచింది.

ఆ చప్పుడు ఈసారి కింద దాకా వినపడింది. సుక్రు ఫల్గుణ వైపు చూశాడు.

"నన్ను సూత్తావేటిరా?" అన్నాడు ఫల్గుణ. "మా అప్ప సెప్పింది గదా. కొట్టు."